తెల్లతుమ్మ చిగురు: నీళ్ళకు వదిలే వేళ

పోయిన వారం మీరు నన్ను కోటేశ్వరరావు పశువుల కొట్టంలో, చేతిలో గోతంతో నిలబెట్టి పోయినారు. ఈ వారమంతా మీరేమనుకున్నారో నాకు తెల్సు. ఆడమనిషి, అంత పని చేస్తదా, ఆఖరి నిమిషంలో మనసు మార్చుకుని గోతం భుజాన వేసుకుని ఇంటికి పోతదిలే అనుకుని ఉంటారు. పోలేదు. చేసినా.

కొత్తగా చదివేవాళ్ళకు నాలుగు మాటల్లో చెప్తా, పాతోళ్ళు కొంచెం ఓపిక పట్టండి. నా పేరు సుబ్బరత్నమ్మ. బేస్తవారిపేట రోడ్డు మీద బస్సు దిగి లోపలికి మూడు మైళ్ళు నడిస్తే మా ఊరు. నేనూ మా ఆయన నాగయ్యా గొర్ల మీద బతికేటోళ్ళం. ఈ కత జరిగిన పొద్దుకు పన్నెండు దినాల ముందర కోటేశ్వరరావు చేలో మంద పెట్టినాం. ఎండాకాలం ఖాళీ చేలో చుట్టూ ముళ్ళకంప వేసి, రాత్రంతా గొర్లను అందులో ఆపుతాం. వాటి పెంట చేనికి బలం. మరుసటి పొద్దు మధ్యాహ్నం మందలో నుంచి బయటికి వచ్చిన గొర్లు తొట్టి కాడికి పోయి నీళ్ళు తాగినాయి. తాగినవి తాగినట్టే పడినాయి. ముప్పై ఒక్కటి. కాళ్ళు తన్నుకోవడం, నోట్లో నురగ, అంతే. నేను ఒకదాని తల ఒళ్ళో పెట్టుకునే లోపల ఇంకో నాలుగు పోయినాయి.

ఊరంతా గుళికల మందు అనింది. నేనూ అదే అన్నా. మార్కాపురం నుంచి రిపోర్టు వచ్చింది, పురుగుమందు ఏమీ లేదని. మరి ఎట్ల చచ్చినాయి? మా యాకోబన్న కూతురు స్టెల్లా పశువుల డాక్టరు కాడ అసిస్టెంటుగా చేస్తది. ఆ పిల్ల మా మంద కంపలో నుంచి ఒక లేత కొమ్మ విరిచి, ఆకు నలిపి సీసాలో వేసి, పైన ఒక పసుప్పచ్చ కాగితం ముక్క వేలాడదీసి మూత పెట్టింది. మేము టీ తాగి వచ్చేసరికి ఆ కాగితం ఇటుక రంగుకు తిరిగింది.

"ఇది తెల్లతుమ్మ పెద్దమ్మా" అనింది. "ఆకులో విషం విషంగా ఉండదు. రెండు సరుకులు వేరువేరు అరల్లో ఉంటాయి. నమిలినా, నలిపినా, కోసి వాడబెట్టినా ఆ అరలు పగిలి రెండూ కలుస్తాయి. కలిస్తే వచ్చేది సైనైడు. ముదురు ఆకులో అంత ఉండదు. నరికేసిన మోడు నుంచి మళ్ళీ వస్తది చూడు చిగురు, దాంట్లోనే ఎక్కువ. ఆకలి మీద అది తిని పైన నీళ్ళు తాగితే, సూది వేసే టైము కూడా దొరకదు."

నరికినాక వచ్చే చిగురులో ఎక్కువంట. నరికినోళ్ళ మీద చెట్టు కూడా పగ పెట్టుకుంటది కాబోలు. ఆ మాట నాకు భలే నచ్చింది. స్టెల్లా పాపం నాకు జాగ్రత్త చెప్తున్నాననుకునింది. నేనేమో దారి తెలుసుకున్నా.

మా గొర్లోళ్ళలో ఒక కట్టుబాటు ఉంది. మంద పెట్టించుకునే రైతే కంప తోలించాలి. గొర్లు మావి, కంప వాళ్ళది. అందరూ సర్కారు తుమ్మ కంపే తోలిస్తారు, దాని ఆకును గొర్రె మూతితో కూడా ముట్టదు కాబట్టి. మరి నా మంద కంపలోకి తెల్లతుమ్మ ఎట్ల వచ్చింది? కంప ఎవరిది? కోటేశ్వరరావుది. బత్తాయి తోటకు కంచె వేసి వంకకు పోయే మా గొర్ల దారి మూసినోడు ఎవరు? కోటేశ్వరరావు. మా పొట్టేళ్ళను రెండు దినాలు నీళ్ళు లేకుండా కట్టేసినోడు? వాడే. రాజీ పడదాం రండి అని పిలిచి మంద పెట్టించుకున్నాడు. ఇంకేం కావాలి నాకు? వాడి గేటు ముందర నిలబడి దోసిళ్ళతో మన్నెత్తి పోసినా. వచ్చే ఆదివారానికి పంచాయతీ పిలిపించినా. మా ఆయనేమో ఆ పొద్దటి నుంచి గోడ వైపు తిరిగి పడుకున్నోడు పడుకున్నట్టే ఉన్నాడు. నాతో మాట్లాడడు. నా ముఖం చూడడు. నా మొగుణ్ణి కూడా ఆ మనిషి చంపేసినట్టే అనుకున్నా.

పంచాయతీలో ఏం చేస్తారు? జరిమానా వేస్తారు, చేతులు కలపమంటారు. నాకు అది చాలదు. నా గొర్లు ఎట్ల పోయినాయో వాడి ఆవులు అట్లనే పోవాలి. వాడు చూస్తా ఉండాలి.

అందుకే ఆ పొద్దున వాడి చేని గట్టు మీదనే, పోయినేడు జేసీబీతో పీకించగా మిగిలిన తెల్లతుమ్మ మోళ్ళ కాడికే పోయినా. మొన్నటి రెండు వానలకు మోళ్ళు చిగురేసి ఉన్నాయి. కొస ఎర్రగా, చూడ ముచ్చటగా ఉంటది. ఒకటిన్నర గోతం కోసినా. సన్నగా తరిగి, కొట్టంలో మేత వేసే గాళ్ళు ఆరు ఉంటే ఐదు గాళ్ళలో చొప్ప కింద కలిపినా.

ఆరో గాడి ముట్టలేదు. అది రాహేలు ఎర్రావుది. రాహేలు ఆ కొట్టంలో పనిచేసే మనిషి, ఆ ఎర్రావు ఒక్కటే ఆమె సొంతం, దాని పాల మీదే ఆ ఇల్లు నడిచేది. గొర్లు పోయిన పొద్దు ఊరంతా చుట్టూ నిలబడి చూస్తే, నా పక్కన మట్టిలో కూర్చుని ఏడ్చింది రాహేలు ఒక్కతే. ఆమె గాడి నేనెట్ల ముడతా? నాది పగే గానీ పిచ్చి కాదు.

మిగతా లెక్క చూడండి. మూడు గంటలకు రాహేలు ఆవులను బీటి నుంచి తోలుకొచ్చి గాళ్ళకు కడతది. ఆ వారం త్రీఫేజు కరెంటు మూడున్నరకు. కరెంటు రాగానే బోరు మోటరు దానంతట అదే లేస్తది, కొట్టం పక్కన తొట్టి నిండుతది, ఆవులను నీళ్ళకు వదుల్తారు. అరగంట మేత, పైన నీళ్ళు. ఒకటే చిక్కు. కోటేశ్వరరావు దినామూ మూడింటికి లేచి కొట్టం కాడికి పోతాడు, గాళ్ళలో చెయ్యి పెట్టి మేత కెలికి చూస్తాడు. ఆ ఒక్క పొద్దు వాణ్ణి పోనీయకూడదు. చేతులు కడుక్కుని, గోతం కంప చాటున పడేసి, తిన్నగా వాడి ఇంటి ముందరికే నడిచినా.

రేకుల పంచలో ప్లాస్టిక్ కుర్చీ వేసుకుని డ్రిప్పు పైపు చిల్లులు పూడుస్తా ఉన్నాడు. అరవై దాటినా ఒళ్ళు గట్టి మనిషి. భార్య పోయి ఆరేళ్ళయింది, ఇంట్లో ఇంకెవరూ లేరు.

"ఏం రత్నమ్మా, ఈ పొద్దు మన్ను తేలేదా?" అన్నాడు తలెత్తకుండా.

"మన్ను అయిపోయిందిలే. ఒక మాట అడిగి పోదామని వచ్చినా."

"అడుగు. గేటు బయట నుంచి అరిచే బదులు లోపలికి వచ్చినావు, సంతోషం."

ముందర ఆ మనిషిని అన్నా అని పిలిచేదాన్ని. గొర్లు పోయిన పొద్దటి నుంచి నోట్లో ఆ వరస ఆగిపోయింది. అరుగు మీద కూర్చున్నా. వాకిట్లో నుంచి లోపలి గోడ గడియారం కనపడతాంది. మూడుకు ఐదు నిమిషాలు తక్కువ.

"మంద కంప ఎవరు తోలించినారు?"

"నేనే. నా ట్రాక్టరే. ఒక ట్రక్కు సర్కారు తుమ్మ."

"తెల్లతుమ్మ ఎట్ల వచ్చింది దాంట్లోకి?"

"నన్నడుగుతావేంది? నాకు తుమ్మంటే తుమ్మే. నేను బత్తాయి చూసుకునేటోణ్ణి. ఏ కొమ్మ ఏందో గొర్లోళ్ళకు తెలియాల."

"అబ్బో! నలభై ఏళ్ళు ఈ బీట్లో తిరిగినోడివి, తెల్లతుమ్మ తెలీదా నీకు? ఎవరికి చెప్తావు ఆ కత?"

పైపు పక్కన పెట్టినాడు. "సరే, నాకూ ఒక మాట చెప్పు. తెల్లారి పన్నెండు దాకా గొర్లను మందలోనే ఆకలికి మాడబెట్టి పోయినోళ్ళు ఎవరు? తొమ్మిదికి వదలాల్సిన మందను నడిమింటి దాకా ఎవరన్నా ఆపుతారా? కడుపు కాలి కంప ఆకు పీక్కుని తిన్నాయి. అదీ నా తప్పేనా?"

"రేషన్ కార్డుకు ఇద్దరి వేలిముద్రలూ పడాలన్నారు. బేస్తవారిపేట పోయినాం. అక్కడ మిషను పనిచేయలేదు, పొద్దెక్కింది. అదేమన్నా సరదాకు పోయినామా?"

"మిషను పనిచేయకపోతే మిషను మీద పోయాల మన్ను. నా గేటు మీద కాదు."

నాకు కడుపు మండింది. అయినా లోపల్లోపల నవ్వు వస్తాంది. వాగు నాయనా, ఎంతసేపు వాగుతావో వాగు, నువ్వు వాగేకొద్దీ నాకు మంచిదే. నిజం చెప్తా, సంతోషంగా ఉండింది నాకు ఆ నిమిషాన. పదకొండు దినాల తర్వాత మొదటిసారి గుండెల మీద నుంచి బరువు దిగినట్టయింది. మీరు నన్ను ఎట్ల తిట్టుకున్నా సరే.

అంతలో గంటల చప్పుడు. ఇంటి పక్క బాటలో ఆవులు వస్తాన్నాయి, వెనకాల రాహేలు. నన్ను చూసి ఆగింది. నేను ఆ ఇంటి అరుగు మీద కూర్చోవడం ఆమెకు ఆశ్చర్యం.

"అక్కా, ఈడున్నావా! మాట్లాడుకుంటున్నారా? స్తోత్రం, మంచిది, మంచిది" అనింది. ముఖమంతా వెలుగు. మేము రాజీ పడతాన్నామనుకునింది ఆ పిచ్చిది. మళ్ళా కోటేశ్వరరావు వైపు తిరిగి, "అన్నా, మా ఎర్రదాని కాడ పైన రేకు ఊడిపోయింది. ఎండంతా దాని నెత్తి మీదే కొడతాంది. ఈ పొద్దుకు మచ్చలావు గాడి కాడ కట్టేస్తా, అది అటు జరుగుతది" అనింది.

"కట్టుకో" అన్నాడు.

మచ్చలావు గాడి నేను కలిపిన ఐదింట్లో రెండోది.

నోరు తెరిచి ఒక్క మాట అంటే అయిపోయేది. వద్దు రాహేలూ, దాన్ని దాని చోటనే కట్టు అంటే చాలు. ఎందుకని అడిగితే ఏదో ఒకటి కల్పించి చెప్పేదాన్ని, నాకు నోరు లేదా? అనలేదు. అంటే ఈ మనిషికి అనుమానం వస్తది, లేచి పోయి గాడి కెలుకుతాడు, నా ముప్పై ఒక్క గొర్లు ఊరికే చచ్చినట్టు అయిపోతది. అది ఒకటి రెండు పరకలు తిని ఊరుకుంటదిలే, దానికేం కాదులే అని నాకు నేనే చెప్పుకున్నా. రాహేలు ఎర్రదాని వీపు మీద చెయ్యి వేసి, దాంతో ఏందో మాట్లాడుకుంటా పోయింది. నేను చూస్తా కూర్చున్నా.

గడియారం మూడు కొట్టింది. కోటేశ్వరరావు కుర్చీలో నుంచి లేచి తుండుగుడ్డ భుజాన వేసుకున్నాడు.

"నేను కొట్టం కాడికి పోవాల. నీ మాటలు ఆదివారం చెప్పుకుందువు గానీ."

"కూర్చో!" అన్నా. నా గొంతు నాకే భయమేసింది. "మూగజీవాలను చంపినోడివి, ఆడదానికి జవాబు చెప్పలేక పారిపోతాండావా? పిరికి ముండాకొడకా!"

ఆ మాట ఆ మనిషిని ఎవరూ అని ఉండరు. తుండు తీసి కుర్చీ మీద కొట్టినాడు. ముఖం కందిపోయింది.

"నేను చంపినానా? నేనా? ఊరంతా నా వెనకాల ఉమ్మేస్తాంటే నోరు మూసుకుని ఉన్నా. నా కూతురు అత్తగారింట్లో తలెత్తుకోలేక ఫోను చేసి ఏడ్చింది. ఎందుకు మూసుకున్నానో తెల్సా నీకు? ఆదివారం కోసం. పదిమందిని పిలిచినావు గదా, ఆ పదిమంది ముందర నీ ముఖాన కొడదామని దాచిపెట్టినా. ఇంక ఆదివారం దాకా ఎందుకు? ఇప్పుడే చూడు."

జేబులో నుంచి ఫోను తీసి, ఏందో నొక్కి, నా ముఖానికి అడ్డం పెట్టినాడు. పోయినేడు కేబులు దొంగలు పడినప్పుడు బోరు కాడ స్తంభానికి కెమెరా పెట్టించినాడు ఆయన. ఆ బొమ్మ అది, ఇరవై నిమిషాల పైనే ఉంది.

పొద్దు వాలే వేళ. మా మంద. సర్కారు తుమ్మ కంప చుట్టూ వేసి ఉంది గానీ గట్టు వైపు ఐదారు బారలు సందు ఉండిపోయింది, కంప చాలలేదు. ఆ సందులో నుంచి గొర్లు బయటికి బయటికి వస్తా ఉంటే ఒక మనిషి చేతులడ్డం పెట్టి తోలుతా ఉన్నాడు. నడక చూస్తేనే తెల్సింది. మా ఆయన.

కొడవలి తీసుకుని గట్టెక్కినాడు. మోళ్ళ కాడ ఆగినాడు. ఒక కొమ్మను వంచి పట్టుకుని, ముక్కుకు ఆనించేంత దగ్గరికి తెచ్చుకుని చూసినాడు. వదిలేసినాడు. ఇంకోదాన్ని వంచి వేళ్ళతో తడిమినాడు, ముల్లు ముల్లూ తడిమినాడు. నాగయ్య, పక్కూరి మందలో ఉన్నా తన గొర్రెను నూరు గజాల నుంచి గుర్తుపట్టే నాగయ్య, కళ్ళు లేనోడి మాదిరి కొమ్మను తడుముతా నిలబడినాడు.

లేతప్పుడు తెల్లతుమ్మకూ నల్లతుమ్మకూ బెరడు తేడా తెలీదు. ముల్లు ఒకటే, ఆకు ఒకటే. నల్లతుమ్మ గొర్లకు అమృతం. తెల్లతుమ్మ చిగురు కొస ఎర్రగా ఉంటది, తేడా అంతే. ఆ ఎరుపు చూడాలంటే కన్ను ఉండాల.

ఎప్పటి నుంచి కనపడదు నీకు? అన్నంలో రాయి ఏరడం మానేసి ఎన్నాళ్ళయింది? పోయిన ఉగాదికి సూదిలో దారం ఎక్కించి ఇయ్యమంటే, చేతులు వణుకుతాన్నాయే అన్నావు. శుక్లాలు వచ్చినాయని చెప్తే గొర్ల వెంట పోనీయనని నా దగ్గర దాచినావా, మనిషీ?

బొమ్మలో ఆయన ఇంకా ఆలోచిస్తా ఉన్నాడు. కొమ్మ వదిలేసి గట్టు దిగబోయినాడు కూడా. అప్పుడు జేబులో చెయ్యి పెట్టి ఫోను తీసినాడు. చెవి కాడ పెట్టుకున్నాడు. కొంచెంసేపు విన్నాడు. ఆకాశం వైపు చూసినాడు. తల ఊపినాడు. ఫోను లోపల పెట్టి, వెనక్కి తిరిగి గట్టెక్కి, ఇంక తడమలేదు, చూడలేదు, కొట్టింది కొట్టినట్టు చేతికందిన చిగురు కొమ్మలు కొట్టి ఈడ్చుకొచ్చి సందు పూడ్చినాడు.

బొమ్మకు మాట లేదు. నాకు అక్కర్లేదు. ఆ ఫోను చేసింది నేను. పదకొండు దినాలు తలపుకే రాని ఆ మాట అప్పుడు అక్షరం అక్షరం గుర్తొచ్చింది.

"ఇంకా ఎంతసేపయ్యా? కంప చాలకపోతే ఏదో ఒకటి కొట్టి అడ్డం పడెయ్. దానికి కూడా శాస్త్రం చూడాల్నా? రేపు పొద్దున్నే వేలిముద్రకు పోవాల, రా బిరీన."

ఏదో ఒకటి కొట్టి అడ్డం పడెయ్. నేనే అన్నా.

పదకొండు దినాలు ఆయన గోడ వైపు తిరిగి పడుకున్నది ఎవరి మీద కోపంతో అనుకున్నా నేను? తప్పు తనదని చెప్తే, నీ మాట వల్లే అని కూడా చెప్పాల. ఆ రెండో మాట నా ముఖం మీద అనలేక నోరు కట్టేసుకున్నాడు.

"చూసినావా?" అంటాండాడు కోటేశ్వరరావు. "నా ట్రాక్టరు కంప ఏది, నీ మొగుడి కంప ఏది, కనపడిందా? ఆ రాత్రే నేను చూసి ఉంటే ఆపేటోణ్ణేమో, నాకూ గొర్లు పడి, తెల్లతుమ్మ అని బయటపడినాక కెమెరా చూస్తేనే తెల్సింది. నీతో చెప్దామనే గేటు కాడికి వచ్చినా. వచ్చేసరికి నువ్వు దోసిళ్ళతో మన్ను పోస్తా ఉన్నావు. నా చచ్చిపోయిన పెళ్ళాన్ని కూడా ఎత్తినావు నోట్లో. అప్పుడనుకున్నా. ఉండవే, నీకు పదిమందిలో చూపిస్తా అని."

ఫోనులో ఆగిపోయిన మా ఆయన బొమ్మనే చూస్తా కూర్చున్నా.

అప్పుడు వినపడింది, గుయ్యిమని. ఇంటి వెనకాల, దూరంగా.

మోటరు లేచింది.

గడియారం చూసినా. మూడున్నర. కరెంటు ఆ పొద్దు ఒక్క నిమిషం కూడా ఆలస్యం కాలేదు.

ఎట్ల లేచినానో నాకు తెలీదు. చెప్పులు అరుగు కిందనే పోయినాయి. పరిగెత్తినా. యాభై రెండేళ్ళు నాకు, పెళ్ళయినాక అట్ల పరిగెత్తింది లేదు. పల్లేరుకాయలు అరికాళ్ళలో దిగుతాన్నాయి. వెనకాల కోటేశ్వరరావు "ఏమైంది, ఏయ్ రత్నమ్మా, ఏమైంది?" అని అరుస్తా వస్తాన్నాడు. కొట్టం మలుపు తిరగ్గానే తొట్టి కనపడింది. పైపులో నుంచి నీళ్ళు ధార పడతాన్నాయి. రాహేలు పలుపులు విప్పేసి పక్కన నిలబడి ఉంది. అన్నిటికన్నా ముందర, మూతి నీళ్ళలో పెట్టి, ఎర్రావు.

"రాహేలూ! నీళ్ళు తాపొద్దే! నీళ్ళు తాపొద్దు, లాగు, లాగు దాన్ని!"

అది తలెత్తింది. మూతి నుంచి నీళ్ళు కారతాన్నాయి. రాహేలు నా వైపు చూసింది, ఆవు వైపు చూసింది.

"ఎందుకక్కా?"

నేను దాని మెడకు వేలాడి వెనక్కి లాగినా. రాహేలు ఏమీ అర్థం కాకపోయినా నన్ను చూసి మిగతావాటికి అడ్డం పడింది, కట్టె తీసుకుని తొట్టి కాడ నుంచి తోలింది. ఎర్రదాని డొక్కలు ఎగిరెగిరి పడతాన్నాయి. ఊపిరి చాలక నోరు తెరిచింది. ఆ చూపు నాకు కొత్త కాదు. పదకొండు దినాల కింద ముప్పై ఒక్కసారి చూసినా.

కోటేశ్వరరావు రొప్పుతా వచ్చి నిలబడినాడు. "నీళ్ళెందుకు తాపొద్దు? నీకేం తెల్సు?"

"అన్నా" అన్నా. వరస దానంతట అదే వచ్చింది. "అన్నా, ముందర స్టెల్లాకు ఫోను కలుపుతా, ఉండు."

రెండుసార్లు తప్పు నొక్కినా. మూడోసారి కలిసింది.

"పెద్దమ్మా, చెప్పు" అనింది స్టెల్లా.

"తెల్లతుమ్మ తిన్నాయే. కోటేశ్వరరావు కొట్టంలో. ఇక్కడున్నవి ఆరు ఆవులు. ఒకటి పడేటట్టుంది. ఆ సూది ఏదో చెప్పినావే, తీసుకుని పరిగెత్తుకుని రా."

అవతల ఏందో కింద పడిన చప్పుడు. "నీళ్ళు తాపినారా?"

"ఒకటి తాగింది. మిగతావాటిని ఆపినాం."

"పావుగంటలో వస్తా. సూదులు నా దగ్గర ఆరు ఆవులకు చాలినన్ని లేవు పెద్దమ్మా, బేస్తవారిపేట నుంచి తెప్పించాల. ఏది ఎంత తినిందో తెలియకుండా దేనికి ముందర వెయ్యాలో చెప్పలేను. చిగురా, ముదురా? ఎప్పుడు కోసింది? ఎంత? ఏ గాడిలో ఎంత పడింది? అది మేతలోకి ఊరికే రాదు గదా, ఎవరో పెట్టి ఉంటారు. పెట్టినోళ్ళను పట్టుకుని అడుగు. తొందరగా!"

ఆ పిల్ల గొంతు పెద్దది. ఫోను చెవికి ఆనించి ఉన్నా అందరికీ వినపడింది. రాహేలు ఎర్రదాని తల పట్టుకుని నా వైపు చూస్తాంది. ఆ చూపులో ఇంకా అనుమానం లేదు. అదే నన్ను చంపింది. అక్క వచ్చి ఆపింది, అక్క దేవత, అని చూస్తాంది ఆ పిచ్చిది.

ఒక్క క్షణం, అబద్ధం ఎందుకు చెప్పాల, ఒక్క క్షణం నాకు తెలీదు అందామనుకున్నా. అంటే నేను బతుకుతా. ఆవులు పోతాయి. ఎర్రావు మోకాళ్ళ మీదికి వంగింది.

"చిగురు" అన్నా. "మోళ్ళ మీద చిగురు. ఈ పొద్దున్నే కోసింది. ఒకటిన్నర గోతం. సన్నగా తరిగి చొప్ప కింద. ఈ కొన నుంచి ఐదు గాళ్ళలో, సమానంగా. ఆరోదాంట్లో లేదు."

"ఎవరు చెప్పినారు పెద్దమ్మా నీకు? నమ్మకమేనా?"

"నమ్మకమే. నేనే పెట్టినా."

ఫోను కట్టయింది. రాహేలు చెయ్యి ఎర్రదాని మెడ మీద నుంచి జారిపోయింది. "అక్కా" అనింది. బాటలో నా ముందరే కదా చెప్పింది, ఎర్రదాన్ని మచ్చలావు గాడి కాడ కడతానని. నేను అరుగు మీద కూర్చుని విన్నా. అది ఆమెకు గుర్తొచ్చింది, ఆమె ముఖంలో కనపడింది నాకు.

కోటేశ్వరరావు తిడతాడనుకున్నా. కొడతాడనుకున్నా. లేకపోతే ముందర ఆవుల కాడికి పరిగెత్తుతాడనుకున్నా. వాడి పశువులే గదా, ఆరేళ్ళుగా బిడ్డల మాదిరి సాకినవి, కళ్ళ ముందర డొక్కలెగరేస్తా నిలబడి ఉన్నాయి.

కదల్లేదు. జేబులో నుంచి మళ్ళా ఫోను తీసినాడు. దాన్ని నా ముఖానికి ఎదురుగా పట్టుకున్నాడు, రెండు చేతులతో, వణక్కుండా. ఫోను టింగుమనింది, నా బొమ్మ పట్టడం మొదలైంది. నేను వాడి చోట ఉంటే నేనూ అదే చేసి ఉందును, అది నాకు బాగా తెల్సు.

"రత్నమ్మా" అన్నాడు మెల్లగా. "ఇప్పుడు అన్నావే, ఆ మాట ఇంకొకసారి చెప్పు. ఆదివారానికి పనికొస్తది."

నా కాళ్ళ కాడ ఎర్రావు పక్కకు ఒరిగిపోయింది.